వెనక రాక్ మీదా, విడదీసి లోపలా?

బ్రిటన్‌లో మోటార్‌హోమ్ (లోపలే పడక, వంట సదుపాయం ఉండే బండి) వేసుకుని తిరిగేవారిలో మోకాళ్లు సహకరించని పెద్దవాళ్లూ ఉంటారు. వారి మొబిలిటీ స్కూటర్‌ను (నడవలేనివారు కూర్చుని నడుపుకునే చిన్న బ్యాటరీ బండిని) వెంట తీసుకెళ్లడానికి ప్రధానంగా రెండు దారులు: బండి వెనక బిగించే రాక్, లేదా ముక్కలుగా విడదీసి లోపల పెట్టుకునే చిన్న స్కూటర్.

రాక్‌తో సుఖం ఏమిటంటే, ర్యాంప్ దించి స్కూటర్‌ను నేరుగా ఎక్కించవచ్చు. పెద్ద చక్రాలదైనా పడుతుంది. గడ్డి నేల మీద అదే నయం. అసలు చిక్కు బరువుతోనే. వెనక ఇరుసుకు రెండున్నర మీటర్ల అవతల 100 కిలోలు వేలాడదీశామనుకోండి. రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లయితే వెనక ఇరుసు మీద పడేది 100 కాదు, సుమారు 162 కిలోలు! ఆ అదనపు 62 ముందు చక్రాల మీద తగ్గిపోతుంది. ముందు చక్రాలతో నడిచే బండి తడి గడ్డిలో జారడానికి ఇంకేమి కావాలి? పైగా చాలా బండ్లకు సామానుతో కలిపి 3,500 కిలోలే పరిమితి. రాక్ బరువూ అందులోదే. నంబరు ప్లేటు, లైట్లు మరుగున పడితే వెనక మరో బోర్డు తగిలించాలి.

విడదీసే స్కూటర్‌కు ఇన్ని లెక్కలు లేవు. సీటు, బ్యాటరీ ఊడదీసి, మిగిలిన రెండు భాగాలను వేరుచేస్తే సరి. కానీ మోటారున్న ముక్కను నడుము వంచి ఎత్తి గుమ్మం దాటించేది ఎవరు? స్కూటర్ అవసరమైన మనిషి కాదు కదా. ఆ పని ఆయన భార్య మీద పడుతుంది, ఆవిడకూ డెబ్బై. చిన్న చక్రాలు కంకరలో కూరుకుపోతాయి కూడా.

నన్నడిగితే, తోడు వచ్చేవారి నడుము గట్టిదైతే రెండోదే. లేదంటే రాక్, అదీ నీళ్లు, సామాను నింపిన బండిని తూకం వేయించి, వెనక ఇరుసు అంకె చూసుకున్నాకే.