పోచంపల్లి చీరా, గద్వాల చీరా?

రెండూ తెలంగాణ మగ్గాల మీదివే, పనితనం మాత్రం వేరు. పోచంపల్లి చీర అందం నేయకముందే తయారవుతుంది. నమూనా ప్రకారం పోగులను గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేస్తారు. పడుగునూ (నిలువు పోగులు) పేకనూ (అడ్డం పోగులు) ఇలా అద్దినప్పుడు, మగ్గం మీద రెండూ సరిగ్గా కలిస్తేనే బొమ్మ తేలుతుంది. బొమ్మ అంచుల్లో కనిపించే చిన్న మసక దోషం కాదు, చేతిపని గుర్తు. దీనికి ముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకుల చుట్టూ వరసగా చుట్టాలి. ఆడవాళ్లు చేతిని వేలసార్లు ఆడించి భుజాలు నొప్పి పెట్టించుకున్న పని అది. తల్లి కష్టం చూడలేక నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ గౌరవం ఇంకా ముందే రావాల్సింది.

గద్వాల గొప్పతనం కలపడంలో ఉంది. సంప్రదాయ గద్వాల చీర ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ మాత్రం పట్టు, జరీ. నూలు పోగులనూ పట్టు పోగులనూ కలిసేచోట పెనవేసి నేస్తారు. పూర్తి పట్టువీ దొరుకుతున్నాయి.

ఎండాకాలం పెళ్లికి నూలు గద్వాలే హాయి. నన్నడిగితే మాత్రం పోచంపల్లికే ఓటు. అయితే అచ్చు వేసిన నకళ్లు దానికి చాలా ఉన్నాయి, కొనేముందు చీర తిప్పి చూడండి. అసలుదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది.