లగూన్ 380 మీద స్పిన్నేకర్, గాలి పరికరాలు: చాలా సీజన్ల వాడకం తర్వాత

మాది లగూన్ 380, అంటే రెండు పొట్టలు పక్కపక్కన ఉండే కాటమరాన్ తెరచాప పడవ. పొడవు 11.55 మీటర్లు, వెడల్పు 6.53. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో ఎక్కువ రోజులు ఆగ్నేయపు గాలే. బ్రిస్బేన్ దగ్గరి మోర్టన్ బే నుంచి విట్‌సండే దీవులకు వెళ్తుంటే అది వెనక నుంచే తోస్తుంది. ఆ ప్రయాణాల కోసమే స్నఫర్ (తెరచాపను కప్పి మూసే పొడవాటి తొడుగు) ఉన్న సిమెట్రికల్ స్పిన్నేకర్ కొన్నాం, అంటే వెనక గాలికి ముందు ఉబ్బే, రెండు పక్కలా ఒకేలా ఉండే పెద్ద పలుచటి తెరచాప. ఇన్నేళ్ళు వాడాక చెప్తున్నాను: తెరచాప అద్భుతం, కానీ దాన్ని నమ్ముకోవాలంటే ముందు పడవ అడుగున తిరిగే చిన్న స్పీడ్ చక్రం శుభ్రంగా ఉండాలి.

మామూలు పడవ గాలి ఎక్కువైతే పక్కకు వాలి హెచ్చరిస్తుంది. కాటమరాన్ వాలదు. భారం తాళ్ళ మీద, మాస్ట్ (తెరచాపలు నిలబెట్టే స్తంభం) మీద పెరిగిపోతున్నా డెక్ మీద మనకు హాయిగానే ఉంటుంది. 18 నాట్‌ల (నాట్ అంటే గంటకు 1.85 కి.మీ.) గాలిలో 7 నాట్‌ల వేగంతో గాలివాటున పోతుంటే మనకు తెలిసేది 11 మాత్రమే. ముక్కులు అలలో గుచ్చుకుని పడవ ఆగినంత పనైతే ఆ 11 క్షణాల్లో 18 వైపు ఎగబాకుతుంది. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి తెరచాప మీద భారం రెండున్నర రెట్లు దాటుతుంది. అందుకే దించాలా వద్దా అన్నది నిజగాలి (పడవ వేగం కలవని, అసలు వీచే గాలి) చూసే తేల్చుకోవాలి.

ఆ నిజగాలిని పరికరం లెక్కకట్టి చూపిస్తుంది. మాస్ట్ చివర సెన్సార్‌కు తగిలే గాలి, అడుగున చక్రం చెప్పే వేగం, ఈ రెండూ కావాలి దానికి. చక్రానికి గుల్లలు పట్టి 7కు బదులు 4 చూపిస్తే, 18 వీస్తున్నా స్క్రీన్ మీద 15 కనిపిస్తుంది! జీపీఎస్ వేగంతో లెక్క వేయించుకోమంటారు కొందరు. విట్‌సండేల్లో ఆటుపోట్ల ప్రవాహాలు గట్టివి, అక్కడ ఆ లెక్కా తప్పుతుంది. నా ఓటు చక్రానికే.

ఈ వెచ్చటి నీళ్ళలో పడవ కదలకుండా ఉంటే నాచు, గుల్లలు త్వరగా పడతాయి. లంగరు వేసి నాలుగు రోజులు ఉండేట్టయితే చక్రాన్ని లోపలికి లాగేసి, ఆ రంధ్రంలో ఖాళీ ప్లగ్ పెట్టేస్తాం. కొంచెం నీళ్ళు చిమ్ముతాయి, పక్కన గుడ్డ ఉంచుకుంటే చాలు. వెనిగర్‌లో నానబెట్టి టూత్‌బ్రష్‌తో తోమితే సరి. ఘాటైన సాల్వెంట్లు ప్లాస్టిక్‌ను తినేస్తాయి, వాటి జోలికి పోవద్దు. స్క్రీన్‌లన్నీ ఒకేసారి ఖాళీ అయితే ముందు కనెక్టర్లు చూడండి. ఈ పరికరాలన్నిటినీ కలిపే ఎన్ఎంఈఏ 2000 కేబుల్‌కు రెండు చివర్లా 120 ఓమ్‌ల టర్మినేటర్లు (చివర్లను మూసే రెసిస్టర్లు) ఉంటాయి. పవర్ ఆపి రెండు డేటా తీగల మధ్య మీటర్ పెడితే 60 రావాలి. 120 వస్తే ఒక టర్మినేటర్ అందడం లేదన్నమాట.

ఇక తాళ్ళ సంగతి. రెండు ముక్కులూ అంత ఎడంగా ఉండటమే ఈ పడవ వరం. తెరచాప మూలను బయటికి పట్టి ఉంచే పోల్ అక్కర్లేదు. స్పిన్నేకర్ కింది మూల ఒక్కోదానికి రెండు తాళ్ళు: ఒకటి ముందు ముక్కు దగ్గరి కప్పీ గుండా కాక్‌పిట్‌కు (పడవ నడిపే చోటు), ఇంకొకటి నేరుగా వెనక్కు. మెయిన్ తెరచాప పూర్తిగా దించేస్తాం, లేకపోతే అది గాలిని కమ్మేసి స్పిన్నేకర్‌ను నిండనివ్వదు. హాలియార్డ్ (తెరచాపను పైకి ఎత్తే తాడు) పైన కప్పీలో ఒకేచోట రాసుకుంటుంది కాబట్టి దూర ప్రయాణంలో అప్పుడప్పుడు బెత్తెడు వదులుతాం.

స్నఫర్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: దాని లాగుడు తాళ్ళు మెలికపడతాయి, ఎత్తే ముందు ప్రతిసారీ సరిచూసుకోవాలి. గాలి నిండి ఉండగా దాన్ని కిందికి లాగాలని చూడకండి. ఒక వైపు తాళ్ళు పూర్తిగా వదిలేసి, తెరచాప జెండాలా కొట్టుకుంటున్నప్పుడు లాగండి. తాడు చేతికి మాత్రం చుట్టుకోవద్దు, తెరచాప మళ్ళీ నిండిందంటే మనిషిని లేపేస్తుంది.

మా స్పిన్నేకర్ గుడ్డ 1.5 ఔన్సుల నైలాన్ (ఔన్సులు ఎంత ఎక్కువైతే గుడ్డ అంత మందం). 0.75 ఔన్సులది పలుచటి గాలిలో ఇంకా బాగా నిలబడుతుంది, కానీ ఈ తీరంలో గాలి పలుచగా ఉండే రోజులు తక్కువ. ఇద్దరే నడిపే పడవకు మళ్ళీ కొన్నా 1.5 ఔన్సులదే కొంటాను. చీకటి పడేలోపు దాన్ని సంచిలో పెట్టేస్తాం, గాలి ఎంత నెమ్మదిగా ఉన్నా.