క్రిస్మస్ సెలవుల్లో బెల్జియమా, ఇంటిపట్టునా?

సైక్లోక్రాస్ అంటే చలికాలంలో బురద, ఇసుక, గడ్డి మీద సాగే సైకిల్ రేసు. తొక్కలేని చోట సైకిల్ భుజానేసుకుని పరిగెత్తాలి. అమెరికాలో 17, 18 ఏళ్ల జూనియర్లకు డిసెంబర్‌లో ఇదే టెన్షన్: జాతీయ పోటీలయ్యాక ఇంట్లో ఉండాలా, బెల్జియం వెళ్లాలా?

ఇంట్లో ఉంటే ఖర్చు తక్కువ, నిద్ర ఎక్కువ. తెలిసిన పోటీదారులు, ముందు వరుసలో చోటు. కానీ ఒక్కో రేసుకి గంటల కొద్దీ కారు ప్రయాణం.

బెల్జియం చిన్న దేశం, రేసులన్నీ దగ్గర దగ్గరే. సాధారణంగా డిసెంబర్ చివర్లో జోల్డర్, లూన్‌హౌట్, డీగెమ్ ఊళ్లలో రేసులు, జనవరి 1న బాల్‌లో. రెండు వారాల్లో అమెరికాలో నెలల అనుభవం. అయితే పాత రేసుల్లో తెచ్చుకున్న ర్యాంకింగ్ పాయింట్లు లేనివాడు వెనక వరుసలో నిలబడాలి. మొదటి మలుపులోనే ముందు అంతా జామ్! రేసు దాదాపు 40 నిమిషాలే, పోయిన చోటు మళ్లీ రాబట్టడం కష్టం.

అసలు తేడా పిట్‌లో, అంటే రేసు మధ్యలో సైకిల్ మార్చుకునే చోట, కనిపిస్తుంది. 33 మిల్లీమీటర్ల టైరుకి, ఫ్రేముకి మధ్య బురద ముద్ద కట్టి చక్రం బిగుసుకుపోతుంది. రెండో సైకిల్ అందుకుని కుర్రాడు దూసుకుపోతే, మొదటిదాన్ని నీటి గన్‌తో కడిగి సిద్ధం చేసే మనిషి కావాలి. అంటే సైకిళ్లు రెండు, విమానంలో పెట్టెలు రెండు.

నన్నడిగితే, 17 ఏళ్లవాడు ఈసారికి ఇంట్లోనే ఉండొచ్చు. జూనియర్‌గా చివరి ఏడాదైతే మాత్రం, వెనక వరుసైనా సరే, వెళ్లాల్సిందే.