టేబుల్ చేయించుకుంటున్నారా? పాలిష్ పడకముందే పోయి చూడండి

నెల్లూరులో చెప్పి చేయించుకునే చెక్క సామాను కోసం తిరిగేవాళ్ళ కోసం రాస్తున్నా. షాపు పేరు రాయను, ఆ గొడవలు నాకొద్దు.

కిటికీ పక్కన కాఫీ గ్లాసు, పేపరు పెట్టుకునేంత బుల్లి టేబుల్ కావాలని నేనే బొమ్మ గీసుకున్నా. పైచెక్క అడుగున్నర చదరం, ఎత్తు 21 అంగుళాలు. కాళ్ళు పైన రెండంగుళాలుండి కిందికి పోయేకొద్దీ సన్నబడాలి. మేకు కనపడకూడదు, కాళ్ళని కలిపే పట్టీ కొసని చెక్కి కాలి బెజ్జంలో దిగ్గొట్టాలి. ఓనరు బొమ్మ చూసి "భలే ఉంది సార్, పాత టేకు పెడతాం" అన్నాడు. కార్తీకం ముసురులో 6000 అడ్వాన్సు ఇచ్చా. ఇరవై రోజుల్లో ఇంటికొచ్చింది, అద్దంలా మెరుస్తా. మా ఆవిడ కూడా బాగుందనేసింది, అది మా ఇంట్లో చిన్న విషయం కాదు. మిగతా డబ్బు అప్పుడే కట్టేశా.

రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం టప్పుమని శబ్దం. పైచెక్క ఈ కొస నుంచి ఆ కొసకి చీలింది. చీలికలో రూపాయి బిళ్ళ దూరుతుంది.

తెలిసిన మేస్త్రీని పిలిపించా. ఆయన తిరగేసి అడుగున ఉప్పుకాగితంతో రుద్దాడు. సగం చెక్క తెల్లగా బయటపడింది. టేకే, కానీ చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క కాదు, బెరడు పక్కనుండే తెల్లచెక్క. పురుగు ముందు పట్టేది దానికే. తెలుపు కనపడకుండా రంగు కలిపిన పాలిష్ పట్టించారు. పైగా పచ్చిది. అంగుళం మందం పలక నీడలో ఆరాలంటే ఏడాది దాకా పడుతుందట. వానల్లో తేమతో ఉన్న చెక్క ఎండలకి ముడుచుకుంది. చెక్క ఉబ్బినా ముడుచుకున్నా అడ్డంగానే, పొడవులో దాదాపు ఏమీ ఉండదు. అందుకే పని తెలిసినవాడు పైచెక్కని చుట్టూ బిగించడు, స్క్రూ బెజ్జం కాస్త పొడుగ్గా తొలిచి జరిగే చోటు వదుల్తాడు. వీళ్ళు నాలుగు పక్కలా ఫెవికాల్ పోసి కదలకుండా బిగించేశారు. ఇంక చీలక ఏం చేస్తుంది?

కాళ్ళ దగ్గరైతే బెజ్జమే లేదు. మేకులు కొట్టి పైన లప్పం పూశారు. ఉదయగిరి చెక్క గరిటెలు చేసే జిల్లాలో ఇదీ పని! వేప అని చెప్పి వేపతో చేసిచ్చినా సంతోషంగా తీసుకునేవాణ్ణి.

బిల్లులో కలప ఒకటిన్నర ఘనపుటడుగు అని వేశారు. నా కొలతలతో లెక్కేస్తే అర ఘనపుటడుగు కూడా కాలా. తరుగు కలిపినా ముప్పావు దాటదు.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చేటప్పుడే "పాలిష్‌కి ముందు నాకు ఫోన్ చెయ్యాలి, చూశాకే మిగతా డబ్బు" అని రాయించుకోండి. పోయినప్పుడు తిరగేసి అడుగు చూడండి. బిల్లులో ఉత్త టేకు కాదు, టేకు చేవ అని ఉండాలి, ఎన్ని ఘనపుటడుగులో కూడా ఉండాలి. ఒక మూల కాస్త తెలుపుంటే పర్లేదు, సగం పలక అదే అయితే ఒప్పుకోవద్దు.

ఓనర్ని అడిగితే "ఎండకి ఏ చెక్కైనా చీలుద్ది సార్, లప్పం పెట్టి కొత్తగా చేసిస్తా" అన్నాడు. వద్దన్నా. మేస్త్రీ పైచెక్క ఊడదీసి మా వరండాలో నిలబెట్టిపోయాడు. ముడుచుకునేది మొత్తం ముడుచుకోనియ్యండి, వానలు మొదలవకముందు వచ్చి అతికిస్తా అని చెప్పాడు.