డంబార్టన్ కోట: 557 మెట్లు, ఒక రాయి

స్కాట్లాండ్‌లో గ్లాస్గో దగ్గరి డంబార్టన్ కోట చూసి "ఇంతేనా?" అని పెదవి విరిచేవాళ్ళు ఎక్కువే. ఎడిన్‌బరోలోలా బురుజులూ రాజమందిరాలూ ఉంటాయనుకుని వస్తే టికెట్ దండగ అనిపించక మానదు. పాత కోటలో మిగిలింది పద్నాలుగో శతాబ్దపు కమాను, పదహారో శతాబ్దపు కాపలా గది. కింద దర్జాగా కనిపించే గవర్నర్ ఇల్లు 1735 నాటిది. ఇక్కడ చూడాల్సింది రాయిని. లెవెన్ నది క్లైడ్ నదిలో కలిసేచోట, చల్లారిన అగ్నిపర్వతం గొంతులో గడ్డకట్టిన బసాల్టు 73 మీటర్లు లేచి, పైన రెండు శిఖరాలుగా చీలి ఉంటుంది.

గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో కింది ప్లాట్‌ఫారం నుంచి రైలు, అరగంట ప్రయాణం. డంబార్టన్ ఈస్ట్‌లో దిగండి. డంబార్టన్ సెంట్రల్ అనే స్టేషన్ పేరు చూసి అక్కడ దిగితే కాళ్ళకే శిక్ష. ఈస్ట్ నుంచి పావుగంట నడిస్తే చాలు. 2025 సెప్టెంబరు నుంచి ఇక్కడి రైళ్ళు నడిపే స్కాట్‌రైల్ రద్దీవేళ అదనపు ఛార్జీ తీసేసింది కాబట్టి పొద్దున్నే బయల్దేరినా జేబుకు నష్టం లేదు. కోట టికెట్ కూడా ఎడిన్‌బరో కోటదాంట్లో సగం కూడా ఉండదు.

అసలు పరీక్ష మెట్లది. పై శిఖరానికి 557. గవర్నర్ ఇల్లు దాటాక అవి రెండు శిఖరాల నడుమ సందులోకి దూరతాయి. నీడలో రాయి తొందరగా ఆరదు. జారేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. నున్నటి అడుగు చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. చంటిపిల్లల బండి కిందనే ఆగిపోతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను "కొంచెమే" అని నమ్మించి తీసుకొస్తే సగం దారిలో అలక ఖాయం. పైన గాలికి గొడుగు తిరగబడుతుంది, టోపీ ఉన్న వాన కోటే పనికొస్తుంది.

ఇంత నిటారు రాయిని ఎలా పట్టుకున్నారన్నది ఎక్కుతుంటేనే అర్థమవుతుంది. 870లో డబ్లిన్ నుంచి వచ్చిన వైకింగులు (సముద్ర దాడిదారులు) నాలుగు నెలలు ముట్టడించారు, లోపల నీళ్ళు అయిపోయి కోట లొంగింది. 1571 ఏప్రిల్‌లో మేరీ రాణి వ్యతిరేక పక్షపు సేనాని థామస్ క్రాఫర్డ్ మనుషులు రాత్రిపూట, కాపలా పలచగా ఉండే బీక్ శిఖరం వైపు నిచ్చెనలు వేశారు. మధ్యలో ఒకడికి మూర్ఛ వచ్చి నిచ్చెనను వాటేసుకుని వదల్లేదట. వాడిని నిచ్చెనకే కట్టేసి, దాన్ని తిరగేసి, మిగిలినవాళ్ళు ఎక్కేశారని చెబుతారు. బీక్ మీద నిలబడి కిందికి ఒక్కసారి చూడండి, కథలో వాళ్ళ తెగువ తెలుస్తుంది. అక్కడున్న మందుగుండు గది 1748 నాటిది.

రెండో శిఖరం, వైట్ టవర్ క్రాగ్, ఇంకా ఎత్తు. మబ్బు లేకపోతే ఉత్తరాన బెన్ లోమండ్ కొండ, పడమట క్లైడ్ వెడల్పు కనిపిస్తాయి. అయిదేళ్ళ స్కాట్లాండ్ రాణి మేరీని 1548లో ఫ్రాన్స్‌కు ఓడెక్కించింది ఇక్కడి నుంచే. స్కాట్లాండ్ స్వాతంత్ర్య వీరుడు వాలస్ కత్తి కోసం మాత్రం ఇక్కడ వెతకొద్దు, 1888లోనే స్టిర్లింగ్‌కు తరలించారు.

రెండు శిఖరాలకూ కలిపి రెండు గంటలు పెట్టుకోండి, చివరి ప్రవేశం మూసే వేళకంటే ముందే ఆగిపోతుంది. ఫోటో కావాలంటే లెవెన్ అవతలి లెవెన్‌గ్రోవ్ పార్కుకు వెళ్ళండి. రాయి మొత్తం, రెండు శిఖరాలతో సహా, నీళ్ళ మీద కనిపించేది అక్కడి నుంచే. టికెట్ కూడా లేదు.