లెమ్మీ కమ్యూనిటీకి ఏ లెక్క మేలు: సబ్‌స్క్రైబర్లా, నెలవారీ యాక్టివ్ యూజర్లా?

లెమ్మీ అంటే రెడ్డిట్ లాంటి చర్చా వేదిక. ఒకే కంపెనీ కాకుండా, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వేర్వేరు సర్వర్లు దాన్ని నడుపుతాయి. ఒక్కో విషయం మీద ఉండే చర్చా గుంపే కమ్యూనిటీ. లెమ్మీ డాట్ వరల్డ్ అనే సర్వరులో ఉన్న టెక్నాలజీ కమ్యూనిటీని అక్కడే తెరిస్తే సబ్‌స్క్రైబర్లు వేలల్లో కనిపిస్తారు. అదే కమ్యూనిటీని పాత వెర్షన్ మీద నడిచే ఓ చిన్న సర్వరు నుంచి తెరిస్తే ఏడెనిమిది మందే ఉండొచ్చు. రెండు అంకెల్లో ఏదీ తప్పు కాదు. ఎవరికి తెలిసినంత వాళ్లు లెక్కపెట్టారు, అంతే.

మీరు సబ్‌స్క్రైబ్ నొక్కగానే మీ సర్వరు నుంచి ఆ కమ్యూనిటీ సొంత సర్వరుకు ఫాలో సందేశం వెళ్తుంది. అక్కడి నుంచి యాక్సెప్ట్ వస్తే చేరినట్టు. ఈ మాట ఆ రెండు సర్వర్ల మధ్యే జరుగుతుంది కాబట్టి మూడో సర్వరుకు దీని ఊసే తెలియదు. మొత్తం లెక్క సొంత సర్వరు దగ్గర మాత్రమే ఉంటుంది. పాత లెమ్మీ తన యూజర్లను మాత్రమే లెక్కేసి చూపేది. 0.19 వరసలోని కొత్త వెర్షన్లు సొంత సర్వరు నుంచి మొత్తం తెచ్చుకుని, లోకల్ సబ్‌స్క్రైబర్లను, అంటే తమ సర్వరువాళ్లను, విడిగా చూపిస్తాయి. ఆ తెచ్చుకున్న అంకె కూడా ఎప్పటికప్పుడు తాజాగా ఉండదు. రెండు సర్వర్లు తెగతెంపులు చేసుకుంటే అసలు కదలదు. 2023 జూన్‌లో బీహా సర్వరు లెమ్మీ డాట్ వరల్డ్‌తో సంబంధం తెంచుకుంది. అలా తెగిన చోట అవతలి కమ్యూనిటీ పేజీలో మీకు కనిపించేది పాత చిత్రమే.

సరే, సొంత సర్వరుకే వెళ్లి మొత్తం చూశాం. దాన్నైనా నమ్మొచ్చా? సగం వరకే. ఒకే మనిషికి మూడు సర్వర్లలో ఖాతాలుంటే ముగ్గురి కింద లెక్క. కొత్త సర్వరు పెట్టిన అడ్మిన్లు తమ ఫీడ్ నిండుగా ఉండాలని వందల కమ్యూనిటీలకు సబ్‌స్క్రైబ్ అయ్యే బాట్ ఖాతా నడుపుతుంటారు. ఆ బాటూ ఒక సబ్‌స్క్రైబరే. మూతపడిన సర్వర్ల సంగతి మరీ ఇబ్బంది. 2025 జూన్ ఆఖరుకు లెమ్ డాట్ ఈఈ లాంటి పెద్ద సర్వరే మూతపడింది. ఆగిపోయిన సర్వరు తన యూజర్ల తరఫున ‘మేం వెళ్లిపోతున్నాం’ అని కబురు పెట్టలేదు కాబట్టి వాళ్లు లెక్కలో అలాగే మిగిలిపోవచ్చు. 2023లో రెడ్డిట్ తన ఏపీఐకి (బయటి యాప్‌లు రెడ్డిట్‌ను వాడుకునే దారికి) డబ్బు అడిగిన గొడవప్పుడు వెల్లువలా వచ్చి, ఖాతా తెరిచి, మళ్లీ తొంగిచూడనివాళ్లూ అందులోనే ఉంటారు. ఈ అంకె పెరిగినంత సులువుగా తగ్గదు.

నెలవారీ యాక్టివ్ యూజర్ల లెక్కలో ఆ నెలలో పోస్టో కామెంటో పెట్టినవాళ్లు, 0.19 నుంచి ఓటు వేసినవాళ్లూ ఉంటారు. ఉదాహరణకు తోటపని మీద రెండు కమ్యూనిటీలు ఉన్నాయనుకోండి. ఒకదానికి 12,000 సబ్‌స్క్రైబర్లు, నెలకు 40 మంది యాక్టివ్. రెండోదానికి 900 సబ్‌స్క్రైబర్లు, 130 మంది యాక్టివ్. మీ టమాటా మొక్క ఆకు ముడతకు జవాబు కావాలంటే రెండోదానికే వెళ్లండి. అయితే ఈ అంకెనూ సొంత సర్వరులోనే చూడాలి. ఏ సర్వరైనా తన దగ్గరికి చేరిన పోస్టులు, కామెంట్లు, ఓట్లను బట్టే దీన్ని లెక్కిస్తుంది. మీ సర్వరు నిన్నగాక మొన్న ఆ కమ్యూనిటీకి చేరితే అంకె బాగా తక్కువ చూపిస్తుంది.

దీనికీ ఒక లోటుంది. ఊరికే చదివి వెళ్లేవాళ్లు ఇందులో కనబడరు. రెడ్డిట్ 2025లో సభ్యుల సంఖ్య తీసేసి వారపు సందర్శకులను చూపడం మొదలుపెట్టింది. లెమ్మీకి అది కుదరదు, ఎందుకంటే చదివేవాళ్లు ఎవరి సర్వరులో వాళ్లు చదువుతారు. అందుకే ఫొటోలు, వార్తల కమ్యూనిటీల్లో సబ్‌స్క్రైబర్ల అంకెను కొట్టిపారేయకూడదు. చదువరుల జాడ ఎంతోకొంత తెలిసేది అక్కడే.

చేరేముందు సొంత సర్వరు పేజీలో నెల అంకెను, ఆర్నెల్ల అంకెను పక్కపక్కన చూడండి. ఆర్నెల్లకు 600 ఉండి నెలకు 20 మాత్రమే ఉంటే చల్లబడుతున్నట్టే. తర్వాత పోస్టులను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, చివరి పదింటి తేదీలు, పేర్లు చూడండి. పదీ ఒకే పేరుతో ఉంటే అది లింకులు తెచ్చిపోసే బాట్ కావచ్చు. ఒక్కో సర్వరూ తిరిగే ఓపిక లేకపోతే, సొంత సర్వర్ల అంకెలను ఒకచోట చేర్చే లెమ్మీవర్స్ డాట్ నెట్‌లో వెతకండి. మాడరేటర్లయితే మొత్తం సబ్‌స్క్రైబర్లను వారం వారం రాసుకుని తేడా చూసుకోవాలి. అసలు అంకె కన్నా ఆ తేడాయే పనికొస్తుంది.

లోకల్ అంకె అడ్మిన్‌కే ఎక్కువ అవసరం అనుకుంటారు గానీ, చిన్న సర్వరులో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని చూడాలి. మీ సర్వరు నుంచి కనీసం ఒక్కరు సబ్‌స్క్రైబ్ అయి ఉంటేనే ఆ కమ్యూనిటీ కొత్త పోస్టులు మీ సర్వరుకు వస్తాయి. ఆ ఒక్కరూ వెళ్లిపోతే రాక ఆగిపోతుంది. అక్కడ రోజూ ముచ్చట్లు సాగుతున్నా మీకు మాత్రం నెలల కిందటి పోస్టే పైన ఉంటుంది. లోకల్ సున్నా కనిపిస్తే మీరే సబ్‌స్క్రైబ్ నొక్కండి. బటన్ పెండింగ్ దగ్గరే ఆగిపోతే యాక్సెప్ట్ రాలేదన్నమాట. దాన్ని రద్దుచేసి మళ్లీ నొక్కండి. అప్పటికీ కదలకపోతే, అవతలి సర్వరు పేజీ అడుగున ఉండే ఇన్‌స్టాన్సెస్ లింకు తెరిచి, బ్లాక్ చేసిన సర్వర్ల జాబితాలో మీ సర్వరు పేరుందేమో చూడండి.