బ్రిటన్ ఆధునిక బానిసత్వ ప్రకటనల రిజిస్ట్రీ: ఒక సమీక్ష

బ్రిటన్‌కు రొయ్యలో దుస్తులో ఎగుమతి చేసే మన సంస్థలకు ఈ మధ్య ధర, నాణ్యతలతో పాటు మరో ప్రశ్నావళి కూడా వస్తోంది. కూలీలు ఏ మేస్త్రీ ద్వారా వచ్చారు, వారి ఆధార్ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి, పని కోసం వారు ఎవరికైనా కమీషన్ చెల్లించారా అని అందులో అడుగుతారు. ఇన్ని అడిగే కొనుగోలుదారు తన వంతుగా ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలంటే బ్రిటన్ హోం శాఖ 2021 మార్చిలో ప్రారంభించిన రిజిస్ట్రీని చూడాలి. వెట్టిచాకిరి లేకుండా తామేం చేస్తున్నామో కంపెనీలు ఇచ్చే ప్రకటనలను ఒకచోట చూపే వెబ్‌సైటు అది. రుసుము లేదు, లాగిన్ అక్కర్లేదు. కంపెనీ పేరు కొడితే ఏయే సంవత్సరాలకు ప్రకటన ఇచ్చిందో కనిపిస్తుంది.

ఈ ప్రకటనలకు మూలం 2015 నాటి ఆధునిక బానిసత్వ చట్టంలోని 54వ సెక్షన్. బ్రిటన్‌లో వ్యాపారం చేస్తూ ఏడాదికి 3.6 కోట్ల పౌండ్లు, అంతకు మించి టర్నోవర్ ఉన్న ప్రతి సంస్థ, అది ఏ దేశంలో నమోదైనదైనా సరే, తన సిబ్బందిలోనూ సరఫరాదారుల దగ్గరా వెట్టిచాకిరి లేకుండా ఏ చర్యలు తీసుకుందో ఏటా ప్రకటించాలి. కంపెనీ అయితే ఆ ప్రకటనను బోర్డు ఆమోదించాలి, డైరెక్టర్ సంతకం చేయాలి. లండన్‌లో కార్యాలయం పెట్టుకున్న హైదరాబాద్ కంపెనీ ఆ పరిమితి దాటితే దానికీ మినహాయింపు లేదు. అయితే ఇదే సెక్షన్ ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చింది: 'మేము ఏ చర్యా తీసుకోలేదు' అని రాసి సంతకం చేసినా చట్టాన్ని పాటించినట్లే. అంత నిజాయితీగా రాసేవారు అరుదు, అది వేరే సంగతి.

సేవగా చూస్తే రిజిస్ట్రీ బాగా పనిచేస్తుంది. ప్రతి ప్రకటనకూ ఒక సారాంశ పుట ఉంటుంది. విధానాలు, ముప్పు అంచనా, సరఫరాదారుల పరిశీలన, శిక్షణ వంటి అంశాలు ప్రకటనలో ఉన్నాయో లేవో ఆ పుటలో కనిపిస్తుంది. కానీ ఆ సమాధానాలు కంపెనీ తనకు తాను ఇచ్చుకున్నవి. అన్ని అంశాలకూ 'ఉంది' అని చూపించి, అసలు ప్రకటనలో శిక్షణ గురించి ఒకే ఒక్క వాక్యంతో సరిపెట్టే అవకాశం ఉంటుంది. కాబట్టి సారాంశం చదివి ఊరుకోకుండా లింకు తెరిచి అసలు పత్రం చూడాలి. ఆ పత్రం ఉండేది కంపెనీ సొంత వెబ్‌సైటులో కనుక, వారు సైటు మార్చుకుంటే పాత లింకు పనిచేయకపోవచ్చు.

ఇంతకన్నా పెద్ద లోపం, రిజిస్ట్రీలో నమోదు ఐచ్ఛికం కావడం. ఒక కంపెనీ పేరు కనిపించనంత మాత్రాన అది ప్రకటన ఇవ్వలేదని చెప్పలేము. అసలు ప్రకటనే ఇవ్వని కంపెనీకి జరిమానా కూడా లేదు. మంత్రి కోర్టుకు వెళ్లి ఉత్తర్వు తెచ్చుకోవాలి. ఆస్ట్రేలియా 2018 చట్టం ఈ విషయంలో కొంత నయం, అక్కడ ప్రకటనను ప్రభుత్వానికి సమర్పించాల్సిందే, ప్రభుత్వమే దాన్ని రిజిస్టరులో ప్రచురిస్తుంది.

మన ప్రాంతం నుంచి చదివేవారికి అసలు ఇబ్బంది ప్రకటనల లోపల ఎదురవుతుంది. వాటిలో తరచుగా కనిపించే హామీ, ఉద్యోగం కోసం కార్మికుడు ఎవరికీ డబ్బు చెల్లించకూడదన్నది. జగిత్యాల, నిజామాబాద్ జిల్లాల నుంచి ఏజెంటుకు అప్పు చేసి కట్టి గల్ఫ్ వెళ్లేవారి విషయంలో అది సరైన హామీయే. ఇటుక బట్టీలో మాత్రం డబ్బు ఎదురు దిశలో నడుస్తుంది. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కుటుంబాలకు సర్దార్, అంటే కూలీలను కుదిర్చే దళారి, ముందే అడ్వాన్సు ఇస్తాడు. పెద్దపల్లి వంటి చోట్ల బట్టీల్లో వెయ్యి ఇటుకలకు ఇంత అని లెక్కగట్టి, సీజను చివర అడ్వాన్సు పోను మిగిలింది చేతిలో పెడతారు. అప్పు తీరేవరకు కదలడానికి లేదు. ఇక్కడ 'కమీషన్ కట్టారా' అని అడిగితే 'లేదు' అన్న జవాబే వస్తుంది, అది అబద్ధమూ కాదు. మన 1976 వెట్టిచాకిరి నిర్మూలన చట్టం మొదట పట్టుకున్నది ఈ అడ్వాన్సునే. అంతేకాదు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరేనని ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. పాస్‌పోర్టులు లాక్కోవడం గురించి పేరాలు రాసే ప్రకటనలకు ఈ కొలబద్ద పెట్టి చూస్తే చాలా వరకు తేలిపోతాయి.

ఇటుకలు ఎగుమతి కావు, వాటితో బ్రిటన్‌కేం పని అనవచ్చు. హైదరాబాద్‌లో క్యాంపస్ కట్టుకునే విదేశీ కంపెనీ గోడలకూ ఇటుకలు కావాలి కదా. సరఫరాదారుల జాబితాలో ల్యాప్‌టాప్‌లు, సెక్యూరిటీ, క్యాంటీన్ దాకా రాసి, భవన నిర్మాణాన్ని బిల్డర్‌కు వదిలేస్తే లెక్క సగంలోనే ఆగిపోతుంది. రొయ్యల విషయమూ అంతే. 2024లో షికాగోకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ ఆంధ్రప్రదేశ్ రొయ్యల పరిశ్రమలో అప్పుల పేరిట కట్టడి, తక్కువ వేతనాలు ఉన్నాయని నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక చదివి భీమవరం సరుకు ఏ కంపెనీకి చేరుతోందో తెలుసుకుందామని రిజిస్ట్రీలో ఊరి పేరు కొడితే ఫలితం ఉండదు, ఎందుకంటే వెతుకులాట ప్రకటనల లోపలి పాఠంలో సాగదు.

ఐదింటికి మూడు మార్కులు ఇస్తాను. ప్రశ్నావళి అందుకున్న ఎగుమతిదారులు, కార్మిక సంఘాల వారు దీన్ని వాడుకోవలసిందే. వాడేటప్పుడు ఒకే కంపెనీ ఇచ్చిన రెండు మూడేళ్ల ప్రకటనలను పక్కపక్కన పెట్టుకుని చదవాలి. తేదీ, డైరెక్టర్ పేరు తప్ప మరేమీ మారకపోతే ఆ కంపెనీ పంపిన ప్రశ్నావళికి జవాబుతో పాటు, మీరు ఇచ్చే ధరలో మా కూలీలకు కనీస వేతనం గిట్టుబాటవుతుందా అని ఎదురు ప్రశ్న కూడా పంపవచ్చు.